కావాలని ఓడిపోయేవాళ్ల తరఫున ఒక మనవి

బెంగళూరు, హైదరాబాదు స్టూడియోల్లో వీడియో గేములు తయారుచేసే మిత్రులకు,



మీకు వచ్చే ఉత్తరాలు చాలావరకు తిట్లే అయివుంటాయి. ఆట కష్టంగా ఉందని కొన్ని, ఆట మధ్యలో ఆగిపోయిందని కొన్ని. ఇది తిట్టు కాదు, మనవి. మీ ఆటల్ని గెలవడానికి ఆడనివాళ్లు కొందరున్నారు. చప్పుడు కాకుండా వెళ్లమంటే సైరన్ మోగించి నిలబడతారు. కథానాయకుణ్ణి కొండ అంచుకు తీసుకెళ్లి దూకిస్తారు. కంటతడి పెట్టాల్సిన చోట బటన్ పదేపదే నొక్కి ఏమవుతుందో చూస్తారు. వాళ్లను మీరు ఆటకు పట్టిన చీడ అనుకుంటారేమో. నాకైతే మీ ఆటను అందరికన్నా శ్రద్ధగా చూసేది వాళ్లేననిపిస్తుంది. ఆ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే ముందు మా అనంతపురం ఇంటర్నెట్ సెంటర్ల సంగతి చెప్పాలి.

2000 తర్వాతి పదేళ్లలో కమలానగర్ సందుల్లో, కాలేజీల చుట్టుపక్కల, గంటకు ఇంతని తీసుకుని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టే ఇరుకు గదులు ఉండేవి. పరీక్షా ఫలితాల కోసం జనం ఏడాదికి రెండుసార్లు వచ్చేవాళ్లు. ఆటలవాళ్లు రోజూ వచ్చేవాళ్లు. వాళ్లు ఆడేవి ప్రాజెక్ట్ ఐజీఐ, మ్యాక్స్ పేన్, వైస్ సిటీ. 2000లో వచ్చిన ఐజీఐలో మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీల్లేదు. అరగంట పాకుతూ పోయి చివరి గది గుమ్మం దగ్గర తూటా తగిలితే మళ్లీ మొదటికే. గంట డబ్బులు కట్టి కూర్చున్నవాడికి అది చిన్న కష్టం కాదు. అందుకే ఓపిక నశించిన ఎవడో ఒకడు "ఇంక గెలిచేది లేదు పోరా" అనుకుని, తుపాకీ దించేసి, శత్రు శిబిరం నడిమధ్యకు పెళ్లికి పోతున్నట్టు నడుచుకుంటూ పోయేవాడు. అప్పుడు పక్క కుర్చీల వాళ్లంతా తమ ఆటలు వదిలేసి వాడి వెనక చేరేవాళ్లు. గెలిచేవాడి వెనక అంత జనం ఎప్పుడూ చేరగా నేను చూడలేదు.

వైస్ సిటీలో ఓడిపోవడం ఇంకా సుఖం. అందులో కథానాయకుడు టామీ వెర్సెట్టి చచ్చిపోయిన మరుక్షణం ఆసుపత్రి ముందు నిలబడి ఉంటాడు. చేతిలో ఆయుధాలు పోతాయి, జేబులో వంద డాలర్లు పోతాయి, అంతే. చచ్చినవాణ్ణి బతికించి వంద డాలర్లకే ఇంటికి పంపే ఆసుపత్రిని చూసి మావాళ్లు నవ్విన నవ్వులో కొంచెం అసూయ కూడా ఉండేది.

ఈ నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది? వేషం కట్టి నవ్వించే ఆటల్లో ఇది రాదు. ఆట తన గాంభీర్యాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటే అంత బాగా వస్తుంది. 2011లో వచ్చిన ఎల్.ఎ. నోయర్‌ను తీసుకోండి. 1940ల చివరి లాస్ ఏంజెలిస్‌లో కేసులు విచారించే డిటెక్టివ్ కోల్ ఫెల్ప్స్ కథ అది. నటుల చుట్టూ 32 కెమెరాలు పెట్టి, కనుబొమ్మ కదిలినా పెదవి వణికినా పట్టుకునేలా ముఖాలను రికార్డు చేశారు. సాక్షి చెప్పేది నిజమో అబద్ధమో ఆ ముఖం చూసి ఆటగాడు తేల్చుకోవాలి. నిజం, అనుమానం, అబద్ధం అని మూడు దారులు. అయితే తయారీ సమయంలో ఆ దారుల పేర్లు వేరు. బుజ్జగించడం, గద్దించడం, నిందించడం అన్న అర్థంలో ఉండేవి. నటుడు మాటలు పలికింది ఆ లెక్కలోనే. తర్వాత పేర్లు మార్చారు, గొంతు మాత్రం అదే మిగిలిపోయింది. దాంతో ఏమైంది? మొగుడు పోయి ఏడుస్తున్న ఆడమనిషి ఏదో చెబుతుంది. ఆటగాడు "నాకు కొంచెం అనుమానంగా ఉందమ్మా" అనే ఉద్దేశంతో బటన్ నొక్కుతాడు. ఫెల్ప్స్ ఉన్నట్టుండి బల్ల మీదికి వంగి ఆవిడ మీద విరుచుకుపడతాడు. ఆవిడ నోరెళ్లబెడుతుంది. తర్వాతి ప్రశ్నకు అదే మనిషి ఏమీ జరగనట్టు మర్యాదగా మొదలుపెడతాడు.

ఇది కనిపెట్టాక ఆటగాళ్లు ఊరుకుంటారా? ప్రతి ముసలమ్మనీ ప్రతి చిన్నపిల్లనీ అనుమానించడమే పనిగా పెట్టుకున్నారు. కేసు చెడిపోయినా పోనీ. ఇందులో రచయిత తప్పు లేదు, నటుడి తప్పు అసలే లేదు. 32 కెమెరాలు తమ పని తాము చేశాయి, అందుకే ఆ అరుపు మరీ నిజంగా ఉంటుంది, అందుకే మరీ నవ్వొస్తుంది. బొమ్మలు నాసిగా ఉంటే ఈ తమాషా సగం కూడా పండేది కాదు. 2017లో ఆటను మళ్లీ విడుదల చేసినప్పుడు ఆ మాటల్ని మంచి పోలీసు, చెడ్డ పోలీసు, నింద అని మార్చారు. తప్పు సరిదిద్దారు, సంతోషమే. కానీ నాకు పాతదే ఇష్టం.

2010 నాటి హెవీ రెయిన్‌లో ఒక తండ్రి జనం కిక్కిరిసిన షాపింగ్ మాల్‌లో తప్పిపోయిన కొడుకును వెతుకుతాడు. బటన్ నొక్కితే "జేసన్!" అని పిలుస్తాడు. నొక్కినన్నిసార్లు పిలుస్తాడు. మెట్లకు ఎదురు నిలబడి, గోడకు మొహం పెట్టి, ఎడాపెడా పిలిపించవచ్చు. తండ్రి గొంతులో దుఃఖం ఎక్కడా తగ్గదు. అదే దుఃఖం, అదే శ్రుతి, ఇరవయ్యోసారి కూడా.

అది చూసినప్పుడు నాకు గుర్తొచ్చేది పద్యనాటకం. మా జిల్లాలో పుట్టి పెరిగినవాళ్లకు వేరేది గుర్తు రావడం కష్టం. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను. చంద్రమతి ఒడిలో పాము కాటుకు చచ్చిపోయిన లోహితాస్యుడు. పద్యం అయిపోతుంది, జనంలోంచి "వన్స్‌మోర్" అని కేక. చంద్రమతి కళ్లు తుడుచుకుని హార్మోనియం వైపు చూస్తుంది, శ్రుతి అందగానే మళ్లీ అక్కడి నుంచే ఏడుపు అందుకుంటుంది. యుద్ధం సీన్లలో చచ్చి పడినవాడు లేచి దుమ్ము దులుపుకుని పద్యం మళ్లీ పాడి, రాగం పూర్తిచేసి, తిరిగి చచ్చిపోయిన కథలు మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా చెప్పుకునే విషాద సారంగధర రాసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు మా ధర్మవరంలోనే 1853లో పుట్టారు. నాటకంలోకి పాటలనూ పద్యాలనూ ధారాళంగా తెచ్చింది ఆయన. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ 1880లో తాడిపత్రిలో పుట్టి, రాగాలు సాగదీయడం మాని నటించండి అని జీవితమంతా పోరినంత పని చేశారు. మామ తెచ్చినదాన్ని అల్లుడు అదుపులో పెట్టబోయాడన్న మాట. జనం ఇద్దరి మాటా పూర్తిగా వినలేదు. వాళ్లకు విషాదమూ కావాలి, ఆ విషాదాన్ని ఆపి మళ్లీ నడిపించే అధికారమూ కావాలి. బటన్ చేతిలో ఉన్న మీ ఆటగాడు కోరేది కూడా అదే.

ఇట్లాంటి ప్రేక్షకుణ్ణి ముందే ఊహించినవాళ్లు కూడా మా దగ్గర ఉన్నారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు పేరుపొందిన ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తెల్లటి తెర, వెనక దీపం, తోలుతో చేసిన రంగురంగుల బొమ్మలు, వాటిని వెనక నుంచి ఆడించే చేతులు. మీరు చేసే పనికి ఇంతకన్నా దగ్గరి బంధువు తెలుగు దేశంలో ఎవరున్నారు? రాత్రంతా సాగే రామాయణం మధ్యలో కేతిగాడు, బంగారక్క దూరి రచ్చ చేస్తారు. మోటు మాటలు, కొట్లాటలు, ఊళ్లో వాళ్ల మీద విసుర్లు. అది అయిపోగానే రావణుడు మళ్లీ రావణుడే. అంతసేపు గంభీరంగా కూర్చున్న జనానికి నవ్వు అవసరమని తెలిసి ఆ పెద్దవాళ్లు కథలోనే దానికొక తలుపు పెట్టారు. మీరు తలుపు పెట్టలేదు కాబట్టి మావాళ్లు గోడకు కన్నం వేస్తున్నారు.

అట్లాగని ప్రతి ఆటలోనూ ఒక కేతిగాణ్ణి పెట్టమని కాదు నేననేది. గోట్ సిమ్యులేటర్ అని 2014లో స్వీడన్ కంపెనీ ఒకటి ఒక ఆట తెచ్చింది. మేక ఊరంతా తిరిగి విధ్వంసం చేస్తుంది. ఆటను ఆపేసే లోపాలు తప్ప మిగతా లోపాలన్నీ కావాలనే వదిలేశారు. మేకలు మాకు కొత్త కాదు, అవి చేసే విధ్వంసమూ కొత్త కాదు. కాసేపు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. నవ్వించడానికే కట్టిన ఆటలో ఆటగాడు కనిపెట్టేది ఏమీ ఉండదు.

గాంభీర్యం వదలకుండా తప్పును పలకరించిన ఆటలు నాకు ఎక్కువ నచ్చుతాయి. ప్రిన్స్ ఆఫ్ పర్షియా, 2003 నాటిది. కథంతా రాజకుమారుడే చెబుతుంటాడు. మీరు అతన్ని లోయలో పడేస్తే అబ్బే, అట్లా జరగలేదు అని కథకుడు గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెడతాడు. అసాసిన్స్ క్రీడ్ మొదటి ఆటలో దారినపోయేవాణ్ణి పొడిస్తే, మీ పూర్వీకుడు అమాయకుల్ని చంపలేదని తెర మీద హెచ్చరిక వస్తుంది. పురాణం చెప్పే పంతులుగారు పక్కన కూర్చుని తప్పు దిద్దినట్టే ఉంటుంది. మెటల్ గేర్ సాలిడ్ 3 మరీ ఘోరం. 1964లో జరిగే ఆ కథలో ఆసెలాట్ అనే యువకుణ్ణి చంపితే, తర్వాతి కాలం కథల్లో అతను బతికే ఉండాలి కాబట్టి కాలచక్రమే తారుమారైందని ఆట ఆగిపోతుంది. పైఅధికారి చీవాట్లు వేరే. ఎవరూ కన్ను గీటరు, ఎవరూ నవ్వరు. అందుకే చూసేవాడు పొట్ట పట్టుకుంటాడు.

మన దగ్గర ప్రభుత్వ భయంతో పుట్టిన హాస్యమూ ఉంది. పబ్‌జీని 2020లో నిషేధించాక మరుసటి ఏడాది బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చినప్పుడు రక్తం పచ్చరంగుకు మారింది. ఇది ఊహాలోకం సుమా అని ఆటే గుర్తుచేస్తుంది. ఆకుపసరు కారుతూ పడిపోయే సైనికుణ్ణి చూసి నవ్వనివాడు ఎవడు? దాని మీద ఇంతకన్నా రాయను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ మనవి అనంతపురం నుంచి ఎందుకు రాయాల్సి వచ్చిందో.

మాకు ఓడిపోవడానికి ప్రయత్నం అక్కర్లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే బరువు దించుకుంటాయి, ఈశాన్యం వానలు కోస్తాలో కురిసి మా దాకా వచ్చేసరికి తేలిపోతాయి. జూన్, జులైల్లో పదును చూసి శెనక్కాయ విత్తుతారు. ఊడలు దిగే వేళకు ఒక వాన పడాలి, కాయ ఊరే వేళకు ఇంకొకటి పడాలి. ఆ రెండూ తప్పితే చేను బయటికి పచ్చగానే ఉంటుంది, చెట్టు పీకితే కింద కాయ ఉండదు. విత్తనం మంచిదే, మందు సకాలంలోనే కొట్టారు, కలుపు సకాలంలోనే తీశారు. ఎక్కడా తప్పు నొక్కలేదు, అయినా ఆట ముగిసింది. మీ ఆట ఎవరితోనైనా ఇట్లా ప్రవర్తిస్తే వాళ్లు అన్యాయం అని గోల చేసి ఒక్క నక్షత్రం ఇచ్చి పోతారు. మా తాతలు మళ్లీ జూన్‌లో విత్తారు.

అన్నీ సరిగ్గా చేసి ఓడిపోయిన ఇంట్లో పుట్టిన పిల్లవాడికి, అన్నీ తప్పుగా చేసి ఓడిపోవడంలో ఏం దొరుకుతుందో ఇప్పుడు ఊహించండి. ఓటమి ఎప్పుడు రావాలో, ఏ వైపు నుంచి రావాలో వాడే చెబుతాడు. ఓటమి వాడి మాట వింటుంది. ఆ ఇంటర్నెట్ సెంటర్లలో శత్రు శిబిరంలోకి తాపీగా నడిచిపోయినవాళ్లలో చాలామంది పల్లెల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉన్న సేద్యగాళ్ల పిల్లలు. వాళ్లు ఇట్లా ఆలోచించి ఆడారని నేననను. నవ్వారు, అంతే. ఆ నవ్వు వాళ్లకు ఎందుకంత తేలిగ్గా వచ్చిందో నాకు తోచిన కారణం చెప్పాను.

స్విట్జర్లాండ్ కంపెనీ ఒకటి 2008 నుంచి ఫార్మింగ్ సిమ్యులేటర్ అనే ఆటలు తెస్తోంది. ట్రాక్టర్ల పేర్ల దగ్గర నుంచి మరల దాకా అంతా అచ్చం నిజమే అన్నట్టు చేస్తారు. దాన్ని మా రైతు బిడ్డలు ఆడితే రెండు నిమిషాల్లో పట్టేసే సంగతి ఒకటుంది. అందులో వాన రాలేదని మామూలు పంట ఎండిపోదు. వాన పడితే కోత కాసేపు ఆగుతుంది. ట్రాక్టర్‌ను ఎక్కడ గుద్దినా సొట్ట పడదు. అప్పు ఎంత పెరిగినా ఎవరూ ఇంటి ముందుకు రారు, ఆట ముగియదు. 2024లో వచ్చిన దాంట్లో వరి కూడా పెట్టారు, మడికి నీళ్లు నింపాలి. మంచిది. సేద్యంలో దేన్నీ పెద్దగా పాడుచేయలేకపోవడం మావాళ్లకు మొదట వింతగా ఉంటుంది, తర్వాత విసుగ్గా ఉంటుంది, ఆ తర్వాత కోత మిషన్‌ను కాలవలోకి తోలి నడిమధ్యలో నిలిపి చూస్తూ కూర్చుంటారు.

గాంభీర్యం, ఓటమి కలిసినచోట పుట్టే హాస్యం మా పొలాల్లో ఎప్పటి నుంచో ఉంది. బోరు ఎక్కడ వేయాలో చెప్పడానికి ఒక పెద్దమనిషి వస్తాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడుస్తాడు. టెంకాయ నిలువుగా లేచిందంటే అక్కడ నీళ్లున్నట్టు. రిగ్గు లారీ వస్తుంది, కొన్ని వందల అడుగులు దిగుతుంది, తెల్ల దుమ్ము చిమ్ముతుంది. ఆయన మొహంలో ఆ గాంభీర్యం ఇసుమంత సడలదు. ఇంకో నాలుగడుగులు ఇవతల వేసుంటే తగిలేది అంటాడు. అప్పు తీరాక ఎన్నో ఏళ్లకు ఆ రైతే ఆ టెంకాయ నడకను అనుకరించి ఇంటిల్లిపాదినీ నవ్విస్తాడు. ఆ నవ్వు మేం నవ్వుకుంటాం. బయటివాళ్లు వచ్చి నవ్వితే ఒప్పుకోం.

ఈ మెలిక మీకు చెప్పడానికి కారణం ఉంది. రేపో మాపో మీలో ఎవరో కరువు మీద ఒక ఆట చేస్తారు. మంచి ఉద్దేశంతోనే చేస్తారు. ఇట్లాంటివి ఇంతకు ముందూ వచ్చాయి. 1971లో అమెరికాలోని మిన్నెసోటాలో ముగ్గురు ఉపాధ్యాయ విద్యార్థులు చరిత్ర పాఠం కోసం ఓరెగాన్ ట్రెయిల్ అనే ఆట చేశారు. బళ్లు కట్టుకుని పడమటికి వలసపోయిన కుటుంబాల కష్టాలు, రోగాలు, ఆకలి నేర్పడం దాని పని. పిల్లలు ఏం చేశారు? 1985లో వచ్చిన దాంట్లో బండిలో మనుషులకు తమ స్నేహితుల పేర్లు, టీచర్ల పేర్లు పెట్టి, వాళ్లు విరేచనాలతో పోవడం చూసి నవ్వారు. అందులోనే సమాధి మీద ఏం రాయాలో ఆటగాడే రాయవచ్చు, తర్వాత ఆడేవాళ్లకు ఆ సమాధి దారిలో కనబడుతుంది. పిల్లలు అక్కడ రాసినవి ఇక్కడ రాయలేను. అయినా ఆ తరంవాళ్లకు ఆ చరిత్రలో గుర్తున్నది ఏదైనా ఉందంటే ఆ ఆటలో తాము చంపుకున్న మనుషులే. డెన్మార్క్ విద్యార్థులు 2005 ప్రాంతంలో మొదలుపెట్టిన థర్డ్ వరల్డ్ ఫార్మర్‌లో ఆఫ్రికా పేద రైతు కుటుంబాన్ని ఏడాది తర్వాత ఏడాది నడపాలి. ఎండ, రోగం, యుద్ధం వచ్చి పడుతుంటాయి. అందులో జాగ్రత్తగా ఆడినవాడూ ఓడిపోవచ్చు. దాన్ని మాత్రం మావాళ్లు వింత అనుకోరు.

మీ కరువు ఆటలో ఎవడో ఒకడు కళ్యాణదుర్గం ఎర్రనేలలో, బోరు కూడా లేని మెట్టలో, వరి నాటుతాడు. నాటనివ్వండి. "ఈ నేలకు ఇది తగదు" అని పెట్టె ఒకటి ఎగిరొచ్చి అడ్డం పడకూడదు. వ్యవసాయాధికారి వచ్చి చూడాలి, కాగితం మీద వరి అనే రాసుకోవాలి, విస్తీర్ణం అడగాలి. బీమా దరఖాస్తులో అన్ని గళ్లూ నింపించాలి. వానమాపకం ఉన్న చోట చినుకు పడి, వీడి చేనులో పడక, లెక్క ప్రకారం కరువు లేదని జవాబు రావాలి. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు, వాతావరణ ఆధారిత బీమా తెలిసినవాళ్లకు ఆ జవాబు కొత్త కాదు. బ్యాంకు మేనేజరు మర్యాదగా కుర్చీ చూపించాలి. ఎవరూ నవ్వకూడదు, ఎవరూ పాఠం చెప్పకూడదు. నీళ్లు లేని మడిలో నారు పట్టుకుని నిలబడ్డ మనిషి ముందు ప్రపంచమంతా తన పని తాను చేసుకుపోవాలి. బయటివాళ్ల నవ్వు ఒప్పుకోమన్నాను గానీ, అది చూసి బెంగళూరులో ఒకడు నవ్వితే నవ్వనివ్వండి. నవ్వు ఆగాక ఆ దరఖాస్తులో గళ్లు ఎందుకన్ని ఉన్నాయో వాడే అడుగుతాడు. వాడు అడగకముందే మీరు చెప్పేస్తే అది ప్రభుత్వ ప్రకటన అవుతుంది.

మీ స్టూడియోల్లో టెస్టర్లు ఉంటారు. వాళ్లలో తెలుగు పిల్లలు బోలెడుమంది, మావైపు వాళ్లూ ఉన్నారు. పొద్దున్నించి సాయంత్రం దాకా గోడల్లోకి నడవడం, తప్పు సమాధానాలు చెప్పడం, హీరోను రకరకాలుగా చంపడం వాళ్ల ఉద్యోగం. కావాలని ఓడిపోయే మొదటి ఆటగాళ్లు వాళ్లే. వాళ్లు రాసిచ్చే లోపాల పట్టీలో ఎక్కడో "ఇది బగ్ కాదేమో గానీ నవ్వొచ్చింది" అన్న వాక్యం ఉంటుంది. దాన్ని సరిచేసే ముందు ఆ కుర్రాణ్ణి పిలిచి ఇంకోసారి ఆడించి చూడండి. ఆటను ఆపేసే లోపమైతే తీసేయండి. మనుషుల్ని అవమానించేదైతే తప్పకుండా తీసేయండి. మిగతాది ఉంచండి. అడుగడుగునా బాణం గుర్తులు పెట్టి, లోయ అంచున కనపడని గోడ కట్టి, తప్పు చేసే దారులన్నీ మూసేసిన ఆటలు ఇప్పటికే చాలా వచ్చాయి. గెలిపించి తీరతామని పట్టుబట్టే ఆటతో మాకు పని లేదు.

బెంగళూరు నుంచి అనంతపురం రెండొందల పైచిలుకు కిలోమీటర్లు, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి చేరిపోతారు. మీ కరువు ఆట సగం తయారైనప్పుడే తీసుకుని రండి, పూర్తయ్యేదాకా ఆగకండి. ఏ హాస్టల్ వరండాలోనైనా ఒక టేబుల్ వేసి మా పిల్లల ముందు పెట్టండి. ఎట్లా ఆడాలో చెప్పకండి. వాళ్లు దాన్ని ఎన్ని రకాలుగా పాడుచేస్తారో పక్కన కూర్చుని రాసుకోండి.

ఇట్లు,
మీ ఆటల్లో ఇష్టపడి ఓడిపోయే ఒక అనంతపురం వాడు